ఆకాశంలో గుర్తు తెలియని వెలుగు: సైన్యం విచారణ ఎలా సాగుతుంది?

2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా లద్దాఖ్‌లో చైనా సరిహద్దున, ఒక సరస్సు మీద ఆకాశంలో గుర్తు తెలియని వెలుగులు కనిపిస్తున్నాయని మన జవాన్లు మళ్లీ మళ్లీ నమోదు చేశారు. ఆ లెక్క 329కి చేరింది. అందులో 155 సార్లు అవి వాస్తవాధీన రేఖ దాటి మన వైపు వచ్చాయని రాశారు. చైనా నిఘా డ్రోన్లు పంపుతోందేమోనన్న అనుమానం గట్టిపడింది. చివరికి సైన్యం బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ సాయం కోరింది. ఆ వెలుగుల కదలికను చుట్టూ ఉన్న నక్షత్రాలతో పోల్చి చూసి శాస్త్రవేత్తలు జవాబు తేల్చారు. ఒకటి శుక్రుడు, రెండోది గురుడు.

2013 జులైలో ఈ సంగతి పత్రికలకెక్కగానే చాలామంది నవ్వుకున్నారు. సైనికులకు శుక్రుడు కూడా తెలియదా అన్నారు. ఆ నవ్వులో నాకు న్యాయం కనిపించదు. సముద్రమట్టానికి నాలుగు వేల మీటర్లకు పైన, గడ్డకట్టే చలిలో కాపలా కాస్తూ, కనిపించిన ప్రతి వెలుగునూ ఓపిగ్గా రాసిపెట్టినవాళ్లు వాళ్లు. పోల్చి చూడటానికి ఏదో ఒకటి రాసి ఉండబట్టే అది తేలింది. ప్రపంచంలో ఏ సైన్యం జరిపిన ఇలాంటి విచారణ తీసుకున్నా, వెలుగు కనిపించిన మొదటి గంటలో ఏం రాసుకున్నారన్నదే దాని తలరాతను నిర్ణయించింది. ఆ రాత లేనిచోట తర్వాత ఎంత పెద్ద కమిటీ వేసినా పెద్దగా ఒరిగిందేమీ లేదు.

గ్రహం డ్రోన్‌లా ఎలా కనిపిస్తుంది

ఆ నెలల్లో ఆకాశం ఎలా ఉందో ఒకసారి చూద్దాం. 2012 జూన్ 6న శుక్రుడు సూర్యబింబం మీదుగా ఒక చిన్న నల్లచుక్కలా దాటాడు. అక్కణ్నుంచి తెల్లవారుజాము ఆకాశంలోకి వచ్చి వేగుచుక్కయ్యాడు. ఆగస్టు మధ్యకల్లా సూర్యుడికి బాగా ఎడంగా జరిగి, పొద్దు పొడవడానికి కొన్ని గంటల ముందే తూర్పున లేస్తున్నాడు. గురుడు డిసెంబరు 3న భూమికి అటు సూర్యుడు, ఇటు తాను అన్నట్టు సరిగ్గా ఎదురు దిక్కుకు వచ్చాడు. ఆ రోజుల్లో గురుడు పొద్దుగుంకుతూనే తూర్పున లేచి రాత్రంతా ఆకాశంలో ఉంటాడు, మామూలు కంటే ప్రకాశంగానూ ఉంటాడు. కొత్త సంవత్సరం వచ్చాక శుక్రుడు మళ్లీ సూర్యుడికి దగ్గరవుతూ ఫిబ్రవరికి ఆ కాంతిలో కలిసిపోయాడు. నమోదులు కూడా ఫిబ్రవరితోనే ఆగాయి.

దిక్కు సంగతి ఇంకా ముఖ్యం. అక్కడ చైనా ఉన్నది తూర్పు వైపు. ఆకాశంలో ఏ చుక్కయినా లేచేదీ తూర్పునే. కాబట్టి కొండ అంచు మీద లేచిన గ్రహం అవతలి దేశం నుంచి వచ్చినట్టే కనిపిస్తుంది. గంటకు సుమారు 15 డిగ్రీల చొప్పున పైకి ఎక్కుతుంది, తల మీదుగా దాటుతుంది, పడమటికి దిగుతుంది. సరిహద్దు మీద కళ్లు పెట్టుకున్న మనిషికి అది గీత దాటి లోపలికి రావడం కాక మరేమవుతుంది?

దీనికి తోడు కన్ను చేసే మోసాలున్నాయి. చుట్టూ చీకటి ఉండి ఒకే ఒక్క వెలుగు చుక్కను తదేకంగా చూస్తుంటే, అది కదలకపోయినా కదులుతున్నట్టు అనిపిస్తుంది. ఎంత అనుభవమున్న పైలట్‌కైనా ఇది తప్పదు. కొండ అంచుకు దగ్గరగా ఉన్న చుక్క నుంచి వచ్చే కాంతి మందమైన గాలి పొరల్లోంచి రావాలి. ఆ పొరల కదలికకు అది ఎర్రగా, పచ్చగా మారుతూ విమానం లైట్లలా మిణుకుతుంది. ఎత్తయిన చోట, దుమ్మూ తేమా లేని గాలిలో గ్రహాలు మైదానాల్లో కంటే ఎంతో తీక్షణంగా వెలుగుతాయి. ఇవన్నీ కలిసినప్పుడు, డ్రోన్ వస్తుందేమోనని ఎదురుచూసే కంటికి డ్రోనే కనిపిస్తుంది.

సైన్యం అడిగే ప్రశ్న వేరు

ఆకాశంలో వింత వెలుగు కనిపిస్తే మనం అడిగేది "అదేమిటి?" అని. సైన్యం మొదట అడిగేది "దాని వల్ల ప్రమాదముందా?" అని. ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ, వాటి మధ్య ఉన్న తేడా తెలియక చాలా అపోహలు పుట్టాయి.

ప్రమాదం ప్రశ్నకు తప్పు జవాబిస్తే ఏమవుతుందో 1942లో లాస్ ఏంజెలెస్ చూసింది. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగి మూడు నెలలు కూడా కాలేదు. ఫిబ్రవరి 24 అర్ధరాత్రి దాటాక నగరంలో సైరన్లు మోగాయి, దీపాలు ఆర్పేశారు, సెర్చ్‌లైట్లు ఆకాశాన్ని జల్లెడ పట్టాయి. విమాన విధ్వంసక ఫిరంగులు 1,400కు పైగా గుండ్లు పేల్చాయి. తెల్లారాక చూస్తే కూలిన విమానం ఒక్కటీ లేదు. ఆ హడావుడిలో రోడ్డు ప్రమాదాలతో, గుండెపోటుతో మనుషులు మాత్రం చనిపోయారు. అంతా వాతావరణ బెలూన్‌తో మొదలై ఉంటుందని అమెరికా వైమానిక దళ చరిత్ర విభాగం 1983లో తేల్చింది. సెర్చ్‌లైట్ల వెలుగులో ఫిరంగి గుండ్ల పొగ మబ్బులే శత్రు విమానాల్లా కనిపించి, వాటి మీదికే మళ్లీ కాల్పులు జరిగాయి.

యుద్ధం ముగిశాక అమెరికా వైమానిక దళం ఈ పనికి ప్రత్యేక విభాగం పెట్టింది. మొదట 1948లో ప్రాజెక్ట్ సైన్, తర్వాత గ్రడ్జ్, 1952 నుంచి బ్లూ బుక్. ఒహాయోలోని రైట్ ప్యాటర్సన్ స్థావరంలో, చాలా ఏళ్లు కొద్దిమంది అధికారులతోనే ఇది నడిచింది. సలహాదారుగా జె. అలెన్ హైనెక్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఉండేవాడు. 1969లో మూసేసేనాటికి లెక్కకు వచ్చిన నివేదికలు 12,618. వాటిలో 701 తేలకుండా మిగిలాయి. ఈ 701ని చూపించి గ్రహాంతరవాసులకు రుజువు అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బ్లూ బుక్ ఫైళ్లు చూస్తే కథ వేరేలా ఉంటుంది. తేలని వాటిలో రకరకాలున్నాయి. కొన్నింటిలో సాక్షి నమ్మదగినవాడే, వివరాలూ ఉన్నాయి, అయినా సరిపోయే జవాబు దొరకలేదు. కొన్నింటిలో అడగాల్సిన ప్రశ్నలు ఎవరూ అడగలేదు. దేశానికి ముప్పు లేదని తేలాక, ఆ వెలుగు ఏమిటో కనిపెట్టే వరకు వెంటపడే సిబ్బందీ లేదు, బడ్జెట్టూ లేదు.

బ్రిటన్ రక్షణ శాఖ ఈ విషయంలో మరీ సూటిగా వ్యవహరించింది. ప్రజల నుంచి వచ్చే నివేదికలను అర్ధ శతాబ్దం పాటు తీసుకుంది. రక్షణ పరంగా ప్రాముఖ్యం ఉందా లేదా అన్నది మాత్రమే చూసింది. లేదనుకుంటే ఫైలు మూసేసేది. ఇన్నేళ్లలో ఒక్క నివేదికలోనూ ముప్పు కనిపించలేదంటూ 2009లో ఆ విభాగాన్నే ఎత్తేసింది. సైన్యం కోణంలో అది సబబైన నిర్ణయమే. కానీ చూసిన మనిషికి తన ప్రశ్నకు జవాబు రాలేదు. ప్రభుత్వం ఏదో దాస్తోందన్న మాట చాలాసార్లు పుట్టేది ఈ ఖాళీలోనే.

వెలుగు చుక్క ఎంత దూరంలో ఉంది?

రాత్రి ఆకాశంలో ఒక వెలుగు చుక్కను చూసి అది ఎంత దూరంలో ఉందో చెప్పడం ఎవరివల్లా కాదు. పగలైతే పక్కన చెట్టో ఇల్లో ఉంటుంది, నీడ ఉంటుంది, ఆకారం ఉంటుంది. రాత్రి ఇవేవీ ఉండవు. దూరం తెలియకపోతే సైజు తెలియదు, వేగమూ తెలియదు. ఉదాహరణకు ఒక వెలుగు సెకనుకు ఒక డిగ్రీ చొప్పున ఆకాశంలో జరిగిందనుకుందాం. అది కిలోమీటరు దూరంలో ఉంటే దాని వేగం గంటకు సుమారు 63 కిలోమీటర్లు, అంటే చిన్న డ్రోన్ వేగం. అదే కదలిక వంద కిలోమీటర్ల దూరంలో జరిగితే గంటకు 6,000 కిలోమీటర్లు దాటుతుంది. చూసినవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అసాధ్యమైన వేగంతో దూసుకుపోయిందని సాక్షి చెప్పినప్పుడు అతను అబద్ధమాడుతున్నట్టు కాదు. దూరాన్ని మనసులో ఊహించుకుని, దాని మీద వేగాన్ని కట్టాడంతే.

అందుకే తెలిసిన పరిశోధకులు సాక్షిని ముందుగా దూరం అడగరు. ఎన్ని గంటలకు చూశారు? ఏ దిక్కున? నేల అంచు నుంచి ఎంత ఎత్తున? ఈ మూడూ అడుగుతారు. పరికరాలు లేకపోయినా ఫరవాలేదు, చాచిన చేతి పిడికిలి వెడల్పు ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలు. కొండ మీద రెండు పిడికిళ్ల ఎత్తున అని రాసుకున్నా ఆ ముక్క తర్వాత ఎంతో పనికొస్తుంది. ఇలా వరసగా కొన్ని రాత్రులు రాస్తే నక్షత్రమో గ్రహమో అయితే దొరికిపోతుంది. ఎందుకంటే నక్షత్రం ఏదైనా రోజుకు దాదాపు నాలుగు నిమిషాలు ముందుగా లేస్తుంది, నెల తిరిగేసరికి రెండు గంటలు ముందుకు జరుగుతుంది. గురుడి లాంటి దూరపు గ్రహాలది కొద్దిగా తేడాతో ఇదే పద్ధతి, శుక్రుడి సమయం వేరేలా మారినా అదీ లెక్కకు అందేదే. డ్రోన్ నడిపేవాడు ఎవడూ రోజూ నాలుగు నిమిషాలు ముందుగా డ్యూటీ ఎక్కడు.

ఇద్దరు చూస్తే ఇంకా మంచిది. పది కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు ఔట్‌పోస్టుల నుంచి ఒకే క్షణంలో ఒకే వెలుగు దిశను కొలిచారనుకుందాం. అది పది కిలోమీటర్ల దూరంలో ఎగిరే వస్తువైతే రెండు కొలతల మధ్య తేడా 45 డిగ్రీలు, ఒక్కోసారి అంతకు మించి కూడా ఉండొచ్చు. గ్రహమైతే తేడా ఉండదు. ఒక దిక్సూచి, ఒక గడియారం, ఫోన్‌లో అవతలివాడు ఉంటే చాలు. చాలా పెద్ద కేసుల్లో ఈ చిన్న పనే జరగలేదు.

చూస్తూనే రికార్డు చేసిన కేసు ఒకటి బ్రిటన్‌లో ఉంది. 1980 డిసెంబరు చివర్లో, సఫోక్‌లోని రెండిల్‌షమ్ అడవిలో, పక్కనే ఉన్న అమెరికన్ వైమానిక స్థావరాల సిబ్బంది వింత వెలుగులు చూశారు. డిసెంబరు 26 తెల్లవారుజామున మొదటిసారి కనిపించాయి. ఇంచుమించు అదే సమయంలో దక్షిణ ఇంగ్లండ్ మీద ఒక పెద్ద ఉల్క మండిపోతూ కనిపించింది. రెండు రాత్రుల తర్వాత డిప్యూటీ బేస్ కమాండర్ లెఫ్టినెంట్ కర్నల్ చార్లెస్ హాల్ట్ స్వయంగా అడవిలోకి వెళ్లాడు. చేతిలో చిన్న టేప్ రికార్డర్ ఉంది. వెలుగు కనిపించినప్పుడల్లా "అదిగో మళ్లీ" అన్నట్టు వాళ్లు వేసిన కేకలు అందులో పడ్డాయి. తర్వాత ఆ టేపు విని కేకల మధ్య వ్యవధి కొలిచినవాళ్లకు అది దాదాపు ఐదు సెకన్లని తేలింది. ఆ దిక్కునే, అడవికి అవతల తీరంలో ఆర్ఫర్డ్‌నెస్ దీపస్తంభం ఉండేది. అది ఐదు సెకన్లకోసారి వెలిగేది. హాల్ట్ ఈ వివరణను ఇప్పటికీ ఒప్పుకోలేదు. నా మటుకు నాకు, ఆ రాత్రి ఆయన చేసిన మంచి పని టేపు ఆన్ చేయడం. ఆయన అభిప్రాయానికి విరుద్ధమైన ఆధారాన్ని కూడా భద్రపరిచింది అదే.

రాడార్ చెప్పినా, చెప్పకపోయినా

కన్ను మోసపోవచ్చు, రాడార్‌కు ఏమైంది అని అడుగుతారు. 1952 జులైలో వాషింగ్టన్‌లో సరిగ్గా ఇదే ప్రశ్న వచ్చింది. జులై 19 రాత్రి నగర విమానాశ్రయం రాడార్ తెర మీద ఉండకూడని చుక్కలు కనిపించాయి. దగ్గర్లోని ఆండ్రూస్ స్థావరం నుంచీ అలాంటి కబురే వచ్చింది. జెట్ ఫైటర్లు వచ్చేసరికి చుక్కలు మాయమయ్యాయి, అవి వెళ్లాక మళ్లీ కనిపించాయి. వారం తర్వాత మళ్లీ అదే తంతు. దేశమంతా టెన్షన్ పట్టుకుంది. జులై 29న వైమానిక దళ నిఘా విభాగాధిపతి మేజర్ జనరల్ జాన్ శామ్‌ఫర్డ్ పెద్ద ప్రెస్ మీట్ పెట్టాల్సి వచ్చింది.

వైమానిక దళం ఇచ్చిన వివరణ వాతావరణానికి సంబంధించినది. మామూలుగా పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుంది. వేసవి రాత్రుల్లో కొన్నిసార్లు ఇది తిరగబడి, చల్లని గాలి కింద, వెచ్చని గాలి పైన నిలుస్తాయి. అలాంటప్పుడు రాడార్ కిరణం సూటిగా పోకుండా కిందికి వంగి, నేల మీది వాహనాలకూ భవనాలకూ తగిలి తిరిగొస్తుంది. తెర మీద అది ఆకాశంలో ఉన్న వస్తువులా పడుతుంది. ఆ రాత్రి రాడార్ ముందు కూర్చున్నవాళ్లలో కొందరు ఈ వివరణకు ఒప్పుకోలేదు. గట్టి లోహపు వస్తువు నుంచి వచ్చే ప్రతిధ్వని తమకు తెలుసన్నారు. ఆ వాదన అలాగే మిగిలింది.

రాడార్ ఏమీ చూపకపోవడాన్ని కూడా తప్పుగా చదవొచ్చు. లద్దాఖ్ వెలుగుల సమయంలో వాహనం మీద అమర్చిన రాడార్‌ను, రేడియో సంకేతాలు పట్టే పరికరాన్ని పాంగాంగ్ సరస్సు ప్రాంతానికి తీసుకెళ్లారని అప్పటి పత్రికలు రాశాయి. కంటికి కనిపిస్తున్న వెలుగు రాడార్‌కు అందలేదు. లోహం కాని ఏదో వస్తువై ఉంటుందన్న ఊహ పుట్టింది. గాలిలో అసలు ఏమీ లేకపోయినా రాడార్ అలాగే మౌనంగా ఉంటుంది. కోట్ల కిలోమీటర్ల అవతల ఉన్న గురుడి నుంచి దానికి ప్రతిధ్వని రాదు కదా.

ఇంకో సంగతి రాడార్ సెట్టింగులది. తెర మీదికి వచ్చే ప్రతిదాన్నీ చూపిస్తే పక్షుల గుంపులతో, మబ్బులతో తెర నిండిపోతుంది. అందుకని నెమ్మదిగా కదిలేవాటిని, చిన్నవాటిని కంప్యూటర్ తీసేస్తుంది. 2023 ఫిబ్రవరి 4న చైనా నిఘా బెలూన్‌ను కూల్చాక అమెరికా, కెనడా ఉమ్మడి గగనతల రక్షణ సంస్థ ఆ వడపోతను సడలించింది. వెంటనే ఇంతకుముందు కనిపించనివి కనిపించడం మొదలైంది. 10న అలాస్కా మీద, 11న కెనడాలోని యూకాన్ మీద, 12న హ్యూరాన్ సరస్సు మీద ఒక్కో వస్తువును కూల్చేశారు. వాడిన క్షిపణి ఒక్కోటి నాలుగు లక్షల డాలర్లకు పైనే. అవి ప్రైవేటు కంపెనీలవో, పరిశోధన సంస్థలవో, సరదాకి ఎగరేసినవో అయి ఉండొచ్చని అధ్యక్షుడు బైడెన్ నాలుగు రోజుల తర్వాత ప్రకటించాడు. ఆకాశం ఎప్పట్లాగే ఉంది. మారింది వడపోత.

కెమెరాలదీ ఇదే దారి. 2004 మార్చి 5న మెక్సికో వైమానిక దళం విమానం ఒకటి మాదకద్రవ్యాల రవాణా మీద నిఘా వేస్తూ కాంపెచే ప్రాంతం మీద ఎగురుతోంది. వేడిని పట్టే పరారుణ కెమెరాలో 11 వెలుగులు కనిపించాయి. సిబ్బంది కిటికీలోంచి చూస్తే ఏమీ లేదు. విమానంతో పాటే అవీ వస్తున్నట్టు ఉంది. మే నెలలో ఆ వీడియోను రక్షణ శాఖే బయటపెట్టడంతో ప్రపంచమంతా తిరిగింది. తర్వాత మ్యాపు ముందు పెట్టుకుని కెమెరా చూస్తున్న దిశను గీసి చూసిన స్వతంత్ర పరిశోధకులకు ఆ గీత సముద్రంలోని కాంటరెల్ చమురు క్షేత్రం మీదికి వెళ్లింది. అక్కడి వేదికల మీద మిగులు గ్యాస్‌ను రాత్రింబవళ్లు తగలబెడతారు. మంట చాలా దూరంలో ఉంది, మధ్యలో మబ్బులు జరుగుతున్నాయి, విమానమూ జరుగుతోంది. రైల్లో వెళ్తుంటే చందమామ మన వెంటే వచ్చినట్టు ఆ మంటలూ వెంటాడాయి.

2019 జులైలో కాలిఫోర్నియా తీరంలో అమెరికన్ యుద్ధనౌక రస్సెల్ మీద నుంచి తీసిన వీడియో ఇంకా చిత్రమైనది. పచ్చటి నేపథ్యంలో త్రికోణాకారపు వస్తువులు మిణుకుతూ కనిపిస్తాయి. చాలాకాలం దానికి జవాబు లేదు. కొంతకాలానికి వేరే తీరంలో, మరో నౌకాదళ బృందం డ్రోన్ల గుంపును అదే పద్ధతిలో, అంటే నైట్ విజన్ అద్దం వెనక మామూలు కెమెరా పెట్టి తీసింది. అక్కడా త్రికోణాలే వచ్చాయి. 2022 మే 17న అమెరికన్ కాంగ్రెస్ ముందు నౌకాదళ నిఘా విభాగం అధికారి స్కాట్ బ్రే ఈ రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టి చూపించాడు. ఫోకస్ తప్పిన చుక్క కెమెరాలో కాంతి దూరే రంధ్రం ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో పడుతుంది. ఆకాశంలో ఎగిరింది డ్రోన్లేనని నౌకాదళం అభిప్రాయపడింది. పోల్చడానికి రెండో వీడియో లేకపోయి ఉంటే మొదటిది ఇప్పటికీ తేలనివాటి జాబితాలోనే ఉండేది.

సొంత రహస్యాలే అడ్డు

సైనిక విచారణలకు ఉన్న అతి పెద్ద ఇబ్బంది బయటి నుంచి రాలేదు. ఆకాశంలో కనిపించింది తమ దేశపు రహస్య ప్రయోగమే కావచ్చు. విచారణ జరిపే అధికారికి ఆ సంగతి తెలియకపోవచ్చు. తెలిసినా చెప్పే వీలుండదు.

1948 జనవరి 7న కెంటకీలో కెప్టెన్ థామస్ మాంటెల్ ఆకాశంలో మెరుస్తున్న ఒక వస్తువును వెంటాడుతూ ఆక్సిజన్ లేకుండానే విమానాన్ని చాలా ఎత్తుకు తీసుకెళ్లాడు. స్పృహ తప్పి విమానం కూలి చనిపోయాడు. అతను చూసింది శుక్రగ్రహాన్నేనని మొదట అన్నారు. పట్టపగలు శుక్రుణ్ని వెంటాడి చనిపోయాడంటే ఎవరికీ మింగుడుపడలేదు. అది నౌకాదళం రహస్యంగా ఎగరేస్తున్న స్కైహుక్ అనే భారీ బెలూన్ అయి ఉంటుందని తర్వాత తేలింది. దొరికిన ప్రతి కేసునూ శుక్రుడి ఖాతాలో రాసేయడం కూడా సరైన విచారణ కాదని ఈ కేసు చెబుతుంది.

1955లో యూ-2 నిఘా విమానాలు ఎగరడం మొదలైంది. అప్పటి ప్రయాణికుల విమానాలు 10,000 నుంచి 20,000 అడుగుల ఎత్తులో వెళ్లేవి. యూ-2 60,000 అడుగులు దాటి ఎగిరేది. కింద పైలట్ చుట్టూ చీకటి పడిపోయినా అంత ఎత్తున ఇంకా ఎండ ఉంటుంది. ఆ ఎండ వెండి రెక్కల మీద పడి మెరిసేది. అంత ఎత్తున విమానం ఉండే అవకాశమే లేదనుకునే పైలట్ నిజాయితీగా రిపోర్టు చేసేవాడు. బ్లూ బుక్ సిబ్బంది ఆ రిపోర్టులను యూ-2 ప్రయాణాలతో సరిచూసుకుని, బయటికి మాత్రం మంచు స్ఫటికాలనో గాలి పొరలనో చెప్పేవాళ్లని సీఐఏ చరిత్రకారుడే తర్వాత రాశాడు. 1950ల చివర్లో, 60ల్లో వచ్చిన నివేదికల్లో సగానికి పైగా ఇలాంటి నిఘా విమానాలవేనని కూడా ఆ రచన అంటుంది. ఆ సగం అన్న లెక్కను ఒప్పుకోని పరిశోధకులున్నారు. కానీ తెలిసీ తప్పు జవాబిచ్చారన్న విషయం తక్కువదేమీ కాదు. దేశ భద్రత కోసం అది అవసరమే అయి ఉండొచ్చు. అయితే ఆ తర్వాత ప్రభుత్వం నిజం చెప్పినా జనం నమ్మకపోవడానికి అది కూడా ఒక కారణం.

సోవియట్ యూనియన్‌లోనూ ఇలాగే జరిగింది. 1977 సెప్టెంబరు 20 తెల్లవారుజామున పెట్రోజావోద్‌స్క్ నగరం మీద పెద్ద వెలుగు విచ్చుకుని కిరణాలు చిమ్మింది. కాస్మోస్-955 ఉపగ్రహాన్ని మోసుకుంటూ ప్లెసెట్‌స్క్ నుంచి ఎగిరిన రాకెట్ అది. నేల మీద చీకటిగా ఉన్నా వందల కిలోమీటర్ల పైన రాకెట్ వదిలిన వాయువుల మీద ఎండ పడుతుంది కాబట్టి అంత అద్భుతంగా కనిపిస్తుంది. చిక్కేమిటంటే, ప్లెసెట్‌స్క్ అనే ప్రయోగ కేంద్రం ఉందనే అప్పటికి ఆ ప్రభుత్వం ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది రక్షణ శాఖ, సైన్సెస్ అకాడమీ కలిసి సెట్కా పేరుతో పరిశోధన మొదలుపెట్టి 1990 దాకా నడిపాయి. వింతలు కనిపిస్తే నివేదించమని దేశంలోని సైనిక దళాలన్నిటికీ ఆదేశాలు వెళ్లాయి. తేలిన కేసుల్లో ఎక్కువ భాగం రాకెట్ ప్రయోగాలు, బెలూన్లే.

1997 మార్చి 13 రాత్రి అమెరికాలోని ఫీనిక్స్ మీద వేలాది మంది చూసిన వెలుగుల వరస సంగతీ ఇంతే. పది గంటల ప్రాంతంలో కనిపించినవి శిక్షణలో ఉన్న ఏ-10 విమానాలు వదిలిన ఫ్లేర్లు. పారాచూట్లకు వేలాడుతూ మెల్లగా దిగే ఆ మంటలు ఎస్త్రెయా కొండల వెనక్కి వెళ్లగానే ఒక్కొక్కటీ ఆరిపోయినట్టు కనిపించాయి. ఆ వివరణ నెలల తర్వాత వచ్చింది. అప్పటికి జనం తమ జవాబు తామే రాసుకున్నారు.

ఇప్పుడు ఎక్కడున్నాం

ఇలాంటి గుర్తు తెలియనివాటి నివేదికలు పరిశీలించడానికి పెంటగాన్ 2022 జులైలో "ఆరో" (AARO) అనే కొత్త కార్యాలయం పెట్టింది. అంతకు ముందు ఏడాది అమెరికన్ నిఘా వర్గాలు ఇచ్చిన నివేదికలో 144 కేసులుంటే గట్టిగా తేలింది ఒక్కటే, అది గాలి దిగిపోతున్న పెద్ద బెలూన్. 2024 నవంబరులో ఆరో ఇచ్చిన లెక్క ఇంకా వివరంగా ఉంది. కొత్తగా చేరిన 757 నివేదికల్లో 292 బెలూన్లు, పక్షులు, డ్రోన్లు లాంటి మామూలు వస్తువులుగా తేలాయి, లేదా అలా తేల్చి తుది సమీక్షకు పెట్టారు. 21 కేసులను మాత్రం ఇంకా లోతుగా చూడాలన్నారు. మిగిలిన 444 కేసుల్లో ఏ నిర్ణయానికీ రావడానికి సరిపడా సమాచారమే లేదు. రహస్యమంతా ఆ 21లో ఉందని అందరూ వాటి చుట్టూ మూగుతారు. నేను ఎక్కువ బాధపడేది 444 గురించి. అన్నేసి సార్లు ఎవరో ఒకరు, ఎక్కువగా పైలట్లు, ధైర్యం చేసి రిపోర్టు ఇచ్చారు. ఇలాంటివి చెబితే తోటివాళ్లు ఎగతాళి చేస్తారనీ, ఉద్యోగానికి చెడ్డపేరు వస్తుందనీ పైలట్లు వెనకాడతారని అధికారిక నివేదికలే ఒప్పుకున్నాయి. ఆ భయాన్ని దాటి చెప్పినవి కూడా వివరాలు చాలక పక్కకు పోయాయి.

పైగా ఆకాశం ముందెన్నడూ లేనంత రద్దీగా మారింది. ఇంటర్నెట్ కోసం ఎగరేసే స్టార్‌లింక్ ఉపగ్రహాలు ప్రయోగించిన కొత్తలో పూసల దండలా వరసగా వెళ్తాయి, తర్వాత కూడా ఎండ పడే కోణాన్ని బట్టి ఉన్నట్టుండి మెరుస్తాయి. పైలట్లు చూసిన మిణుకు వెలుగుల్లో కొన్ని ఇవేనని ఇప్పుడు లెక్కలు సరిపోలుతున్నాయి. 2024 చివర్లో న్యూజెర్సీలో డ్రోన్ల భయం పుట్టినప్పుడు కొద్ది వారాల్లోనే 5,000కు పైగా ఫిర్యాదులు వచ్చాయి. అందులో విచారించదగ్గవి సుమారు వంద. చట్టబద్ధంగా ఎగిరే డ్రోన్లు, విమానాలు, హెలికాప్టర్లు, పొరపాటున డ్రోన్లనుకున్న నక్షత్రాలు అని ప్రభుత్వ సంస్థలు ఉమ్మడి ప్రకటన ఇచ్చాయి. అలాగని ప్రతిదాన్నీ నక్షత్రమని కొట్టిపారేసే రోజులూ కావు. ఇవాళ సైనిక స్థావరాల మీద నిజంగానే ఎవరివో డ్రోన్లు తిరుగుతున్నాయి.

దీనికి దారి వెలుగు కనిపించాక వెంటపడటం కాదని నార్వేలోని హెస్‌డాలెన్ లోయ ముందే చూపించింది. 1980ల మొదట్లో ఆ లోయలో తరచూ వింత వెలుగులు కనిపించేవి. 1984 శీతాకాలంలో పరిశోధకులు రాడార్, కెమెరాలు, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం తీసుకుని వారాల తరబడి అక్కడే ఉన్నారు. 1998లో అక్కడ మనిషి అవసరం లేకుండా ఆకాశాన్ని గమనించే కేంద్రం పెట్టారు. కొన్ని వెలుగులు వాహనాల లైట్లనీ విమానాలనీ తేలాయి, కొన్ని నేటికీ తేలలేదు. కాకపోతే అక్కడ తేలనివాటికి కూడా టైము, దిక్కు, ఫొటో ఉన్నాయి.

ఆరో ఇప్పుడు అదే బాటలో నడుస్తోంది. గ్రెమ్లిన్ అనే పేరుతో రాడార్, కెమెరాలు, ఇతర సెన్సర్లు కలిపి ఒకచోటి నుంచి మరోచోటికి మోసుకెళ్లే పరికరాల సెట్టు తయారుచేయించి, టెక్సాస్‌లో పరీక్షించింది. ఒక కీలక స్థావరం దగ్గర దాన్ని పెట్టి 90 రోజుల పాటు ఆ ఆకాశంలో రోజూ మామూలుగా ఏమేం తిరుగుతాయో ముందుగా నమోదు చేయాలన్నది 2024 నాటి ఆలోచన. మామూలు ఏదో తెలిస్తేనే మామూలు కానిది బయటపడుతుంది. పరీక్షల్లో తెర మీద పడినవాటిలో గబ్బిలాలు, పక్షులే చాలా ఉన్నాయని 2024 మార్చిలో ఆ కార్యాలయ అధికారులు చెప్పారు. ఉపగ్రహాల మీద ఎండ మెరుపులను గుర్తుపట్టి జాబితాలోంచి తీసేయడం కూడా అప్పుడే నేర్చుకుంటున్నామన్నారు.